డాక్టరు గారి పురమాయింపులు

పిల్లను తీసుకొచ్చిన తల్లికి ఏదో ఒక పని పురమాయిస్తేగాని డాక్టరు ఎలీషా గారి స్టెతస్కోపు పనిచేయదని బందరంతా చెప్పుకునేవారు.

ముదినేపల్లి సరోజకు ఆ సంగతి తొంభై ఆరులో అనుభవంలోకి వచ్చింది. పదకొండేళ్ల కూతురు బిందుకు షుగరనీ, బతికినంతకాలం రెండు పూటలా ఇన్సులిన్ పొడవాలనీ విని ఆమె కుమిలిపోతుంటే, ఆ పిల్లల డాక్టరు, "సరోజమ్మా, మూల కొట్లో గుండుసూదులు తెచ్చిపెడతారా?" అన్నారు.

పై నెల కోనేరు సెంటరుకెళ్లి లడ్డూలు తెమ్మన్నారు.

"షుగరు పిల్లని ఎదురుగా పెట్టుకుని లడ్డూలేంటండీ?"

"షుగరు నాక్కాదుగా. వెళ్లిరండి."

ఏడాదికేడాది పని దూరం పెరిగింది. బిందు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి సరోజ గిలకలదిండి రేవులో పండుగప్ప బేరమాడుతోంది. చేపతో తిరిగొచ్చేసరికి పరీక్ష అయిపోయేది.

"ఏం చెప్పారే?"

"ఆయనేం చెప్పలేదమ్మా. నన్నే అడిగారు."

సరోజకు ఒళ్లు మండేది. ఇన్సులిన్ సీసాకు తడిగుడ్డ చుట్టి కుండలో దాచేది తను. పొద్దున్నే సూది పొడిచేది తను. అడిగితే తనను కదా అడగాలి!

బిందుకు పద్దెనిమిది నిండాక, అలవాటుగా సంచీ పట్టుకుని లేచిన సరోజను ఆయనే ఆపారు. "ఇవాళ కూర్చోండమ్మా. ఇకనుంచి బిందుని పెద్దవాళ్ల డాక్టరు చూడాలి. విజయవాడకి ఉత్తరం రాశాను. అక్కడ మీ వెనకాల వరసలో నలభై మంది ఉంటారు. ఆయన ఒక్కసారే అడుగుతాడు."

"నేను చెప్తాగదండీ."

"రేపు కాలేజీ హాస్టల్లో ఎవరు చెప్తారు? మీరు పక్కనుంటే ఈ పిల్ల మీ మొహం చూసి మాట్లాడేది. అందుకే మిమ్మల్ని ఊరంతా తిప్పాను. ఏమనుకోకండి."

సరోజ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "మరి ఆ చేపలు?"

"చేపల విషయంలో మాత్రం తప్పు నాదే" అన్నారాయన తలొంచుకుని.

విజయవాడ డాక్టరు చీటీలు తిరగేస్తూ, "ఇన్సులిన్ ఎప్పుడన్నా మానేశారా?" అన్నాడు. లేదని సరోజ చెప్పబోయేలోపే బిందు అందుకుంది.

"టెన్త్‌లో పది రోజులండీ. సాయంత్రం నేనే పొడుచుకుంటానని చెప్పి మందు పారబోసేదాన్ని. చిక్కిపోతే, పరీక్షల దిగులనుకున్నారు ఇంట్లో. ఎలీషా గారికి చెప్పేశాక మళ్లీ మొదలెట్టాను."

"అమ్మకు తెలుసా?"

"ఇప్పుడే తెలిసిందండీ."

సరోజ కూతురి వంక చూసింది. బిందు చూపు తిప్పుకోలేదు, బల్ల కింద మాత్రం తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీరేమన్నా చెప్పాలా అమ్మా?" డాక్టరు అడిగాడు.

సరోజ కూతురి చేతిని తిరిగి నొక్కింది.

"అన్నీ అదే చెప్పిందండీ. నాకు తెలియనివి కూడా."