ఎండిన కాలువలో పెట్టిన సంతకం

ఇలా దగ్గరకు జరగండి. ఆ గుమ్మంలో ఎండ కొడుతుంది, ఈ చాప మీదకి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చోండి. నేను చదివింది మూడో తరగతి. కానీ చూసింది చూసినట్టే గుర్తుంటుంది నాకు. ఈ ఒక్క సంగతి మాత్రం, అంతా గుర్తుండి కూడా, అందులో నేను చేసింది మంచో చెడో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. వింటే మీకేమన్నా తోస్తుందేమో.

రామచంద్రపురం పక్కన మా ఊరు. ఇటు గట్టున ఊరు, అటు గట్టున హైస్కూలు, మధ్యలో పంట కాలువ. దాటడానికి రెండు తాటిదుంగలు పక్కపక్కనే వేసి ఉండేవి. పట్టుకోవడానికి ఒకవైపు వెదురుగెడ కట్టేవారు. అది ఏటా వానలకి నాని కుళ్లిపోయేది. సిమెంటు వంతెన కావాలంటే కాలువ తలుపులుండే లాకుల దాకా నడిచి, చుట్టు తిరిగి రావాలి. పిల్లలెవరూ అంత దూరం పోరు.

మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. ఏడో తరగతి అవగానే మాన్పించేద్దామన్నారు మా అత్తగారు. ఇంట్లో ఆవిడ మాటే మాట. నేను నాలుగు రోజులు బతిమాలితే దిగివచ్చారు గానీ, ఒక షరతు పెట్టారు.

"దారిలో పిల్లకి ఏ గండం ఉందని విన్నా, మర్నాడే మాన్పించేస్తాను. అప్పుడు నువ్వు నోరెత్తకూడదు."

"అలాగే అత్తయ్యా" అన్నాను. ఆ మాటే తరవాత నా నోటికి తాళమైంది.

ఒంటిపూట బడులు నడుస్తుండగా హెడ్మాస్టరు గారు కబురు పెట్టారు. ఆ మధ్యనే బదిలీ మీద వచ్చారాయన. రాజమండ్రి నుంచి బస్సులో దిగి అటు రోడ్డు మీదుగానే బడికి వెళ్లేవారు, ఇటు గట్టుకి వచ్చే పని ఎప్పుడూ పడలేదు. నేను వెళ్లేసరికి ఆయన గదిలో మా ఊరి నర్సమ్మగారు కూడా కూర్చుని ఉన్నారు.

"బళ్లో ఆరోగ్య భద్రతా కమిటీ వెయ్యాలమ్మా. పైనుంచి కాగితం వచ్చింది. పిల్లల తల్లుల్లో ఒకరు ఉండాలట. మీరు ఉండండి."

"నేనేం చెయ్యాలండి?"

"ఏం లేదమ్మా, ఉండాలి."

"ఉండి?"

ఆయన నర్సమ్మగారి వంక చూశారు. ఆవిడ కాగితం వంక చూశారు. "పిల్లలకి ఏమీ కాకుండా చూడాలి" అన్నారావిడ చివరికి.

ఏమీ కాకుండా చూడడం ఏ తల్లయినా చేసేదే కదా, దానికి మళ్లీ కమిటీ ఏంటో నాకు బోధపడలేదు. అయినా బడంతా తిరిగాం. మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదని నర్సమ్మగారు చెప్పారు. ఆరో తరగతి గుమ్మం మీద గంటకి బదులు వేలాడదీసిన రైలు పట్టా ముక్క నా కంటపడింది. దాన్ని కట్టిన తీగ తుప్పు పట్టి ఒక్క పోగు మీద ఉంది. "ఇది ఎవరి నెత్తినో పడుద్దండి" అన్నాను. మాస్టారు వెంటనే దాన్ని దింపించేశారు. ఓహో, కమిటీ అంటే ఇదేనా అని కాస్త గర్వపడ్డాను కూడా.

ఆఖరున దారి చూడాలన్నారు. అందరం కాలువ దగ్గరకి వెళ్లాం.

అప్పటికి కాలువలు కట్టేసి నాలుగు రోజులైంది. మాకు ఏటా ఉన్నదే. వేసవిలో ఆనకట్ట దగ్గర నీళ్లు ఆపేస్తారు, మళ్లీ జూన్‌లో వదులుతారు. ఆ మధ్య రోజుల్లో కాలువే మాకు రోడ్డు. సైకిళ్లూ మేకలూ పెళ్లివారూ అందరూ అందులోంచే. దుంగల మొహం ఎవరూ చూడరు. మేమూ అలవాటు చొప్పున గట్టు దిగి, కాలువ అడుగున నిలబడ్డాం. మాస్టారు కాగితంలో చదివారు, బడికి వచ్చే దారిలో నీటి ప్రమాదం ఉన్నదా అని.

"నీళ్లేవండీ?" అని నర్సమ్మగారు నవ్వారు.

"మీరేమంటారమ్మా?"

నేను తలెత్తి చూశాను. దుంగలు నా నెత్తి మీద ఉన్నాయి. మొన్నటి నీళ్లు గట్టున వదిలిన చార నా మెడ దాకా ఉంది. ఉందంటే ఆ మాట మధ్యాహ్నానికల్లా మా వీధికి వచ్చేస్తుంది, సాయంత్రానికి పిల్ల చదువు ఆగిపోతుంది. లేదంటే జూన్ వస్తుంది. చెంబుడు నీళ్లయినా లేని చోట నాకు ఊపిరాడలేదు.

"లేదండి" అన్నాను.

నర్సమ్మగారి మందుల సంచి మీద కాగితం పెట్టి సంతకం చేశాను. పేరు రాయడం వచ్చు నాకు, గుండ్రంగానే వచ్చింది.

జూన్‌లో కొత్తనీరు వచ్చింది. ఆడవాళ్లమందరం పసుపు కుంకుమలు వేసి దణ్ణం పెట్టుకున్నాం. ఏటా గలగలా మొక్కుకునేదాన్ని, ఆ ఏడు దుంగల కింద పసుపు ఇంకాస్త ఎక్కువ వేసి వచ్చేశాను.

బళ్లు తెరిచిన రెండో వారంలో ఒకనాడు మధ్యాహ్నం మూడింటికి మా అమ్మాయి పెరటి దారిన వచ్చింది. నెత్తి నుంచి పాదాల దాకా తడి. సంచి లేదు.

"దుంగ మీద పాచి ఉందమ్మా, కాలు జారింది. గెడ పట్టుకుంటే గెడే ఊడొచ్చేసింది. బాతులు మేపుకునే తాత కర్ర అందించాడు. మామ్మకి చెప్పకే."

బట్టలు పిండి దండెం మీద ఆరేశాను. తరవాత చేటలో బియ్యం పోసుకుని కూర్చున్నాను. కాసేపయ్యాక చూసుకుంటే, బియ్యం ఏరి పారేసి రాళ్లు గిన్నెలో వేస్తున్నాను.

చెబితే చదువు పోతుంది. చెప్పకపోతే పిల్లే పోతుందేమో. నా పిల్లని లాకుల మీదుగా తిప్పి తీసుకెళ్లినా, మిగతా పిల్లల మాటేంటి? ఆ కాగితం మీద ఉన్నది నా పేరే కదా.

మర్నాడు బడికి వెళ్లి మాస్టారితో అంతా చెప్పేశాను.

"మరి ఆ రోజు లేదన్నారు కదమ్మా?"

"ఆ రోజు నీళ్లు లేవండి."

"వస్తాయని మీకు తెలుసుగా?"

"తెలుసండి."

"మరి?"

"మా అత్తగారండి" అని మొదలుపెట్టి, షరతు సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు, కసరలేదు. "సాయంత్రం వచ్చి చూస్తాను" అన్నారు.

"చూడడం కాదండి, దాటండి" అన్నాను. అంత మాట నాకెలా వచ్చిందో!

బడి వదిలాక ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని, ప్యాంటు మడిచి దుంగ ఎక్కారు. గట్టు మీద సగం ఊరు ఉంది. నడిమధ్యకి వచ్చి ఆగిపోయారు. ముందుకీ రారు, వెనక్కీ పోరు.

"మాస్టారూ, కిందికి చూడకండి!" అని ఒకావిడ అరిచింది.

"పైకీ చూడకండి, కొంగ రెట్టేస్తది!" అని ఇంకొకావిడ.

ఆ నవ్వుల్లోంచి మా అత్తగారు వచ్చారు. చేతిలో చింతకాయలు కోసే పొడుగాటి దోటి. దాని కొస ఆయనకి అందించారు.

"పట్టుకోండి మాస్టారూ. మా మనవరాలు రోజూ రెండుసార్లు దాటుద్దండి దీన్ని. మీకు చెప్పులే, దానికి పుస్తకాల సంచి కూడానూ."

ఆయన ఒడ్డుకి చేరి చతికిలబడ్డారు. అత్తగారు వదల్లేదు.

"ప్రమాదం లేదని రాశారంట కదండీ కాగితంలో?"

మాస్టారు నా వంక చూశారు. నేను నీళ్ల వంక చూశాను.

"రాసింది నేనేనండి. తప్పు నాదే" అన్నారాయన.

"కాగితం సంగతి నాకెందుకులెండి. రేపట్నుంచి ఇక్కడ ఎవరు నిలబడతారో చెప్పండి."

రేపట్నుంచి అన్నారు. అంటే పిల్లకి రేపూ బడి ఉంది!

"కమిటీ నిలబడుతుందండి" అన్నారు మాస్టారు.

"కమిటీ అంటే మా కోడలేగా? మరి పొద్దున్న వంటెవరు చేస్తారు, మీరా? పోనీ లెండి. పొద్దున్న నేనుంటాను, సాయంత్రం అదుంటాది."

అలా నడిచింది మా కమిటీ. మాస్టారు కాగితం మళ్లీ రాసి పంపారు. నేను మళ్లీ సంతకం పెట్టాను, ఈసారి అక్షరాలు వంకరపోయాయి. రెండువైపులా కొబ్బరితాళ్లు కట్టించాం. వారానికోసారి కొడవలితో పాచి గీకి బూడిద చల్లేదాన్ని. అత్తగారు దోటి పట్టుకుని ఒక్కొక్క పిల్లనీ పేరు పెట్టి పిలిచి దాటించేవారు. మరుసటేడు కాలువ కట్టేసిన మర్నాడు కూడా వెళ్లి నిలబడ్డారు. నీళ్లు లేవు కదత్తయ్యా అంటే, "ఎండిన కాలువని నమ్మే కదే ఇంత జరిగింది" అన్నారు.

మా అమ్మాయి పది పాసైపోయాక వచ్చింది ఆ దుంగల చోట సిమెంటు వంతెన. అత్తగారు దాని మీద ఒక్కసారి నడిచారు, దోటి చేత్తోనే. ఇప్పుడు ఆవిడ లేరు.

పిల్ల నీళ్లలో పడిన సంగతి ఆవిడకి తెలుసా అని నేను ఎప్పుడూ అడగలేదు. మొన్నీమధ్య మా అమ్మాయితో అంటే, "మూడింటికి యూనిఫాం ఆరేస్తే మామ్మకి తెలీదా అమ్మా!" అంది. తెలిస్తే ఎందుకు ఊరుకున్నారు? నేను చెబుతానా లేదా అని చూశారా? నేను మాస్టారి దగ్గరకి వెళ్లకపోయుంటే మాన్పించేవారా? పోనీ ఆ ఎండిన కాలువలోనే ప్రమాదం ఉందండి అనేసి ఉంటే, ఆ దోటి అప్పుడే వచ్చేదా, పిల్ల ఇంట్లో కూర్చునేదా? నాకు తెలీదు. కమిటీ అంటే ఏంటో కూడా అంతే, ఉండమన్నారు, ఉన్నాను.

మీ ఇంటి పిల్లలు ఏ కాలువ దాటినా అవతల ఒక చెయ్యి అందాలి. మీ దండెం మీద బట్టలు వేళకే ఆరాలి. మీ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర దాచుకోవాల్సిన మాట మీకు రాకూడదు. పిల్లాపాపలతో చల్లగా ఉండండి, నాయనా.