అంకమ్మకు పెట్టిన దీపం

మా దీవులకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడు కేశవ మా ఊరు ద్రాసాలో పుట్టాడు. చెరకు నరకడం చేతకాకే రాజధాని సువాలో యూనివర్సిటీ ల్యాబు ఉద్యోగం చూసుకున్నాడని మేం ఆటపట్టించేవాళ్లం. అక్కడ అతని పనంతా ఒక తెల్లపొడితో. అందులో కర్బనపు అణువులు బుద్ధిగా వరసలు కడితే పనికిరావట. చిందరవందరగా ఉంటేనే, కంటికి కనిపించని లేజరు తగిలినప్పుడు తెల్లటి వెలుగిస్తాయట.

కేశవ తల్లి అంకమ్మ చనిపోయిన వారమే తుఫాను వచ్చింది. దినాలు అయ్యేదాకా పోయినవాళ్ల దీపం ఆరకూడదని మావాళ్ల పట్టింపు. రేకులు లేచిపోయిన ఇంట్లో ఒత్తి నిలిస్తేగా! ఆరినప్పుడల్లా అంకమ్మ చెల్లెలు బాలమ్మ గుండెలు బాదుకునేది. పెళ్లి కూడా మానుకుని అక్కనే అంటిపెట్టుకుని బతికిన మనిషి. చీకట్లో అక్క దారి తప్పుతుందని ఆమె భయం.

అది చూడలేక కేశవ సువా వెళ్లి ల్యాబు సామాను తెచ్చాడు. బియ్యప్పిండి పరిచిన ఇత్తడి పళ్లెంలో, పొడి నింపిన గాజుగొట్టం నిలబెట్టి, పక్కనుంచి లేజరు వేశాడు. నూనె లేదు, పొగ లేదు. గాలికి ఇల్లంతా ఊగుతున్నా ఆ వెలుగు మాత్రం కదల్లేదు. దగ్గరికి ఎవరూ పోవద్దని చెప్పి అతను ఇంకో బ్యాటరీ కోసం బయటికెళ్లాడు.

బాలమ్మ ఎవరి మాట వింది గనక? పిండిలో పోయినవాళ్ల అడుగు పడుతుందంటారు. అది వెతుకుతూ పళ్లెం మీదికి వంగింది.

"కేశవా, ఇట్రా బేటా," అంది మెల్లగా. "మీ అమ్మ వచ్చింది. నల్లగా నిలబడుంది."

అందరం చేతులు జోడించాం. తలుపులోంచి లోపలికొస్తున్న కేశవ వైపు బాలమ్మ తిరిగింది.

"ఇప్పుడు అక్కడుంది. గోడ మీద. నీ మొహం మీద కూడా."

కేశవ ఒక్క ఉదుటున లేజరు ఆపేశాడు.

లౌతోకా పట్నంలో కంటి డాక్టరు అతని అనుమానమే నిజమన్నాడు. పళ్లెం అంచుకు తగిలి తిరిగొచ్చిన కిరణం బాలమ్మ చూపు నడిమధ్యన కాల్చేసింది. కాలిన చోటే ఆమెకు నల్లమచ్చలా కనిపిస్తుంది, ఆమె ఎటు చూస్తే అటే వస్తుంది. ఇంటికొచ్చాక కేశవ ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. అంత పెద్దమనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"అది అమ్మ కాదు పిన్నీ. నా లేజరే నీ కన్ను కాల్చేసింది."

"పోద్దా అది?"

"పోదు పిన్నీ. ఇంక ఎప్పటికీ పోదు."

బాలమ్మ అతని మొహంలోకి చూసింది.

"మరి ఏడుస్తావెందుకు బేటా? కొంచెం జరుగు. అక్కకి కుర్సీ వెయ్యి."