నలభై ఒకటో తీగ

ముందు చప్పుడు వినిపిస్తుంది. చీమ కాలికి మువ్వ కడితే మోగేంత సన్నగా. గడప దాటాక బాలకిష్టయ్య కనబడతాడు. పడుగు మీదికి వంగి ఒక్కో పట్టుపోగునూ గోటితో మీటి, చెవి ఒగ్గి వింటుంటాడు.

"మగ్గమా అది, తంబూరనా?" అంటుంది అతని భార్య సావిత్రమ్మ. "బొంబాయి పోయొచ్చి ఆరేండ్లాయె, గా అలవాటు పోదు."

మగ్గానికి పని దొరకని ఏడు, ఎనభై ఆరులో, అతను గద్వాల వదిలి బొంబాయి పోయాడు. వనపర్తి పిల్ల విజయమ్మ అక్కడ పెద్ద ప్రయోగశాలలో సైంటిస్టు. చిరిగిన గద్వాల చీర అతనికిచ్చి బాగుచేయించుకుంది. అతుకు ఎక్కడుందో ఆమెకే కనబడలేదు. ఆ వేళ్లను వెంటనే తన పనికి పిలిచింది.

ఆమె ఒక పెట్టె తయారు చేస్తోంది. కంటికి కనబడని న్యూట్రాన్లు వచ్చి ఎక్కడ పడ్డాయో చెప్పే పెట్టె. లోపల దొరకడమే కష్టమైన గ్యాసు, అందులో వెంట్రుక కన్నా సన్నని తొంభై ఆరు తీగలు. న్యూట్రాను ఏ తీగ దగ్గర పడితే ఆ తీగ పలుకుతుంది. అన్నీ ఒకే బిగువున ఉండాలి. బాలకిష్టయ్య మీటి, విని, బిగించేవాడు.

"తెగితే అతకొద్దు అన్నా," అంది విజయమ్మ. "అతుకున్న తీగ న్యూట్రాను పడకున్నా పలుకుతది. తీసేసి కొత్తది కట్టాలె."

"అట్లనే అమ్మా."

మూత బిగించే రోజు నలభై ఒకటో తీగ తెగింది. తెగిన పోగును పారేసేటోడు సాలెవాడే కాదని తండ్రి అనేవాడు. మనసు అడ్డు చెప్పేలోపే వేళ్లు మెలివేశాయి. భూతద్దంలో చూసినా అతుకు దొరకలేదు. ఆ పూట అతనికి గర్వంగా కూడా ఉండింది.

న్యూట్రాన్లు పుట్టే రియాక్టరును ఆపేసినా పెట్టె పలుకుతూనే ఉంది, నడుమ ఒకే చోట.

"అన్నా, గా నడుమ తీగలకు ఏమన్న అయిందా?"

'మా గద్వాల చెయ్యి' అని ఆమె అందరికీ చెప్పుకున్న చెయ్యి అది. దాన్ని వెనక్కి దాచుకున్నాడు.

"ఏం గాలేదమ్మా."

విప్పితే గ్యాసంతా పోతుంది. అతని మాట నమ్మి ఆమె పెట్టె విప్పలేదు. నాలుగు నెలలు తన లెక్కల్లోనే తప్పు వెతుక్కుంది. ఆమె రాసిన లెక్కలు కొట్టేసి మళ్లీ రాస్తుంటే అతను పక్కనే చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడేవాడు. ఆమె పారేసిన కాగితాలు ఏరి దొంతి పెట్టేవాడు. చివరికి ప్రయోగశాల పెద్దలు ఆ పెట్టెను అటక మీద పెట్టించారు. ఆమెను వేరే పనికి మార్చారు.

పోయే రోజు ఆమే అతన్ని ఓదార్చింది. "నీ చెయ్యిల తప్పు లేదన్నా. నా లెక్కలనే."

ఆ తర్వాత అతను అక్కడ నిలవలేకపోయాడు. తొంభై ఒకటిలో గద్వాలకు తిరిగొచ్చాడు. ఇప్పుడు తన సంగతులు రాసుకోవడానికి వచ్చిన మనిషి లేచి చెప్పులు తొడుక్కుంటుంటే, వాకిలి దాకా వెంటవచ్చి మెల్లగా అన్నాడు.

"ఆమె ఏడున్నదో నాకు తెల్వదు సార్. జర కనుక్కోండ్రి. నలభై ఒకటో తీగ నేనే అతికిచ్చిన అని చెప్పుండ్రి. లెక్క సరిగనే ఉండె అని చెప్పుండ్రి."