మూడు రంగుల బంతి, నా డౌటు

అమెరికాలో మా ఊరి తెలుగువాళ్ల విందుల్లో బాస్కెట్‌బాల్ మాట వస్తే చాలు, ఇప్పుడున్న పెద్ద లీగ్‌కి పోటీగా అప్పట్లో ఇంకో లీగ్ ఉండేదనీ, అది డూప్లికేట్ సరుకనీ, జనం చూడక మూతపడిందనీ తేల్చేస్తారు. అందరికంటే ముందు మా ఆయనే. మూతపడలేదు. పెద్ద లీగ్ దానిలోంచి నాలుగు జట్లను కలుపుకుని మిగతావాటిని వదిలేసింది. ఈ సంగతి అందులో రెండేళ్లు ఆడిన మనిషి నోటివెంట విన్నాను.

ఆయన నాకు కారు నేర్పిన అమెరికన్ మాస్టారు. డెబ్భైల చివర, డిట్రాయిట్ పక్కన. సీటు ఎంత వెనక్కి జరిపినా ఆయన మోకాళ్లు డాష్‌బోర్డుకి తగిలేవి.

"ఇంత పొడుగుండి ఈ ఉద్యోగమేమిటండీ?" అని అడిగేశాను. నా నోరు అలాంటిది.

ఆయన నవ్వారు. "ఎరుపు, తెలుపు, నీలం రంగుల బంతి ఎప్పుడైనా చూశారా మేడమ్? దాంతో ఆడేవాణ్ణి. లెఫ్ట్ తిరగండి. తర్వాత రెండు లీగ్‌లూ కలిసిపోయాయి. సిగ్నల్, సిగ్నల్!"

"కలిస్తే మంచిదేగా?"

"మా జట్టును కలుపుకోలేదు. పెద్ద లీగ్ రికార్డుల్లో నేను వేసిన ఒక్క పాయింటూ లేదు. ప్రొఫెషనల్‌గా ఆడానంటే ఎవరూ నమ్మరు. మా బావమరిది ఆ రికార్డుల పుస్తకమంతా వెతికి నవ్వాడు."

నాకు తికమక. రెండు కలిస్తే ఒకటవ్వాలి గానీ, సగం మాయమవడమేమిటి? వేసిన పాయింట్లు ఎక్కడికి పోతాయి? అడుగుదామని, ఇంగ్లీషు ఎమ్మే దర్జాతో, కాలేజీలో లెక్చరర్ని ఆపినట్టే ఆపాను.

"ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ లీగ్."

ఆయన నావైపు చూశారు. "మీక్కూడానా మేడమ్?" అన్నారు, అంతే. ఆ పూట ఇక బ్రేకు, అద్దం తప్ప వేరే మాట లేదు. తర్వాతి వారం ఇంకో మాస్టారు వచ్చాడు.

పొడుగు గురించి అన్నందుకు కోపమా? ఇంటికొచ్చి అడిగితే మా ఆయన, "నీ డ్రైవింగ్‌కి భయపడి పారిపోయుంటాడు" అన్నారు.

పదేళ్లు గడిచాయి. మొన్న మా అమ్మాయి లెక్క రాక ఏడుస్తుంటే, డౌటుందని టీచర్‌తో చెప్పమన్నాను.

"అమ్మా, అలా అనరు! టీచర్‌ని నమ్మట్లేదు అని మీనింగ్ వస్తుంది."

"డౌటంటే ప్రశ్నేనే!"

"నీకు ఓన్లీ అమ్మా. ఇక్కడ కాదు."

వాదించాను. నిఘంటువు తీయించాను. ఓడిపోయాను.

అంటే ఎవరూ నమ్మని మనిషితో, నమ్మిన ఒక్కదాన్నైన నేనే నమ్మనని చెప్పానా? లేక ఆయనే వేరే ఉద్యోగం చూసుకున్నారా? డ్రైవింగ్ స్కూలుకి ఫోన్ చేస్తే, అంత పాత సంగతి మాకు తెలీదన్నారు.

ఇప్పుడు టీవీలో ఎవరైనా దూరపు గీత అవతలినుంచి బుట్టలో వేస్తే మూడు పాయింట్లు. మా ఆయన చప్పట్లు కొడతారు. ఆ గీత మాస్టారి లీగ్‌లో మొదటినుంచీ ఉన్నదే, పెద్ద లీగ్ తర్వాత తీసుకుంది. గీత పనికొచ్చినప్పుడు, దాని అవతల నిలబడి ఆయన వేసిన పాయింట్లు ఎందుకు పనికిరాకుండా పోయాయి?