మళ్లీ రానక్కర్లేదు

మెట్ల కింద కొట్టు ఆయనది. పైన మూడంతస్తుల్లో ఆఫీసులు. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఆయన నెత్తిమీదే టకటకలాడిస్తూ పోతుంటే, ఆయన కింద మిషను తొక్కుకుంటూ కూర్చుంటాడు. కొత్త బట్టలు కుట్టడు. బిగువైనవి వదులు చేస్తాడు, వదులైనవి బిగిస్తాడు, తెగిన జిప్పులు మారుస్తాడు. అందరూ మాస్టారూ అనే పిలుస్తారు. ఆ మాస్టారికి ఓ గొప్ప ఉంది. పని పూర్తయిన బట్ట మడిచి కవర్లో పెట్టి, చేతికిస్తూ, "మళ్లీ రానక్కర్లేదు" అంటాడు. ముప్ఫై రెండేళ్లుగా అదే మాట. తన చెయ్యి పడ్డాక ఆ బట్టకి ఇంక వంక ఉండదని ధీమా. అన్నట్టుగానే ఎవరూ మళ్లీ రారు. ఆ సంగతి మాత్రం ఆయన ఏనాడూ ఆలోచించలేదు, పాపం.

భార్య పోయి తొమ్మిదేళ్లు. పిల్లల్లేరు. ఉన్న ఒక్క చెల్లెలూ నెలకోసారి ఫోన్ చేసి, "బాగున్నావా అన్నయ్యా, మాత్రలు వేసుకుంటున్నావా, ఉంటా మరి, పాలు పొంగుతున్నాయి" అని ఒకే ఊపిరిలో కానిచ్చేస్తుంది. ఆ పాలేం పాలో గాని, సరిగ్గా అన్నయ్య గుర్తొచ్చినప్పుడే పొంగుతాయి!

షుగరు వచ్చి పన్నెండేళ్లయింది. మాస్టారు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఓ సాయంత్రం ఇంటికెళ్లి మేజోడు విప్పితే అరికాలి దగ్గరంతా ఎర్రగా ఉంది. చూస్తే గుండుసూది. పొద్దున్నెప్పుడు దిగిందో ఏమో, దానిమీదే రోజంతా మిషను తొక్కాడు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ సూదులతో బతికిన మనిషికి సూది గుచ్చుకున్న సంగతి తెలియలేదు! మంచం మీద కూర్చుని ఆ కాలు చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి ఎవరూ లేరు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ సన్నటి నైలాను దారంతో అరికాలిని తాకుతూ, "ఇక్కడ తెలుస్తోందా? ఇక్కడ?" అని తొమ్మిది చోట్ల అడిగింది. నాలుగు చోట్ల ఆఁ అన్నాడు. అందులో రెండు అబద్ధం. ఆవిడ మందులు మార్చింది, తిండి విషయంలో నాలుగు చీవాట్లు పెట్టింది, చివర్లో ఓ చీటీ రాసిచ్చింది.

"మంగళ, శుక్రవారాలు పొద్దున్న ఏడింటికి ఇక్కడే తైచీ క్లాసు, చైనావాళ్ల వ్యాయామం. వెళ్లండి."

"అంటే కొట్టుకోవడమా అమ్మా, ఈ వయసులో?"

"కాదండీ బాబూ. మెల్లిగా కదలడమే. కాళ్లు నిలదొక్కుకుంటాయి, తూలిపడకుండా ఉంటారు. మందులూ తిండీ సరిగ్గా చూసుకుంటూ ఇదీ చేస్తే షుగరు కూడా అదుపులోకి వస్తుంది."

ఆస్పత్రి వెనక పాత క్యాంటీను హాలు. అందులో ఇరవై మంది షుగరువాళ్లు. నేర్పే టీచరమ్మ గొంతు పెంచదు. "బరువంతా ఎడమకాలి మీదికి. ఒక్కసారి పడేయకండి. ఈ గ్లాసులో నీళ్లు ఆ గ్లాసులోకి వంచినట్టు పొయ్యండి" అంటుంది. చేతులు మబ్బుల్ని పక్కకి జరిపినట్టు జరగాలి. మొదటిరోజు మాస్టారికి నవ్వొచ్చింది. పెద్ద పెద్ద మనుషులు నీళ్లలో నడుస్తున్నట్టు, అదేం వ్యాయామం! తీరా చేస్తే పది నిమిషాలకే తొడలు వణికాయి, నవ్వు కాస్తా పారిపోయింది.

చివరి పది నిమిషాలు జోడీలుగా చెయ్యాలి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, మణికట్టుకి మణికట్టు ఆనించి, ఒకరు నెడుతుంటే రెండోవారు వెనక్కి తగ్గాలి. మళ్లీ వాళ్లు నెట్టాలి. చేతులు గుండ్రంగా తిరుగుతూనే ఉండాలి, ఆనినచోటు విడిపోకూడదు. మాస్టారికి జోడీగా రిటైరైన బస్సు కండక్టరు పడ్డాడు. నిలువెత్తు మనిషి, అంతకు రెండింతలు గొంతు. చెయ్యి ఆనించగానే "రైట్ రైట్!" అన్నాడు. హాలంతా నవ్వింది.

మాస్టారు మాత్రం నవ్వలేకపోయాడు. ఊళ్లో సగంమంది నడుములు ఆయన టేపుకి తెలుసు. ఆయన్ని ముట్టుకున్న మనిషంటూ ఈ తొమ్మిదేళ్లలో, రక్తం తీసే నర్సమ్మ తప్ప, ఎవరూ లేరు. ఆ సంగతి ఆయనకి ఆ క్షణం దాకా తెలియదు. ఆ రోజు స్నానం సాయంత్రానికి వాయిదా వేసుకున్నాడు. ఎందుకని అడిగితే ఆయన చెప్పలేడు, మనం అడగడం మర్యాదా కాదు.

ఇక చూసుకోండి, వారమంటే ఆయనకి రెండే రోజులు. మంగళవారం, శుక్రవారం. చేతులు తిరుగుతున్నంతసేపూ కండక్టరు నోరు ఆడుతూనే ఉండేది. బస్సులో నిద్రపోయి డిపో చేరిన పెళ్లికొడుకు గురించీ, తన భార్య వంట గురించీ, ఆవిడ మాట దాటలేని తన దుర్గతి గురించీ. టీచరమ్మ కళ్లెర్రజేస్తే అరనిమిషం ఆగేవాడు. ఓ రోజు మాస్టారు కూడా నోరు విప్పి తన గొప్ప చెప్పుకున్నాడు.

"మళ్లీ రానక్కర్లేదంటారా? అదేం మాటండీ!" కండక్టరు చెయ్యి తిప్పుతూనే అన్నాడు. "నేను ముప్ఫై ఏళ్లు జనాన్ని ఎక్కించుకుని బతికాను. మీరేమో అందర్నీ దింపేసి బతుకుతున్నారు."

మాస్టారు నవ్వేశాడు గాని, ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చింది.

మూడో నెల మధ్యలో టీచరమ్మ అసలు కబురు చెప్పింది. నెలాఖరుకి రక్తపరీక్ష. షుగరు లెక్క ఏడు లోపు వచ్చినవాళ్లు ఇంక ఇంట్లో చేసుకోవచ్చు, వాళ్ల చోట్లోకి కొత్తవాళ్లొస్తారు. మిగతావాళ్లు ఇంకో మూడు నెలలు ఉండాలి.

"నాది ఛస్తే దిగదు" అన్నాడు కండక్టరు ధీమాగా. "మా ఆవిడ చెయ్యి అలాంటిది."

మాస్టారు తన సంగతి లెక్కేసుకున్నాడు. తన ప్యాంటు నడుం తనే రెండుసార్లు బిగించుకున్నాడు. చెప్పిన తిండి చెప్పినట్టు తిన్నాడు, ఒక్క క్లాసు మానలేదు. బుద్ధిమంతుడిలా అన్నీ చేసి తన కాళ్ల కింద గొయ్యి తనే తవ్వుకున్నాడు!

అప్పుడు చేశాడు తెలివితక్కువ పని. పరీక్షకి మూడు రోజుల ముందు బేకరీకి పోయి డజను క్రీము కేకులు తెచ్చాడు. మాత్రలు డబ్బాలోనే ఉంచేశాడు. ఇంట్లో బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని, ఒకదాని తర్వాత ఒకటి మింగాడు. రుచి లేదు, సరదా లేదు. రెండోరోజుకి నాలుక పిడచకట్టుకుపోయింది. మూడోరోజు కళ్లు బైర్లు కమ్ముతుంటే గోడ పట్టుకుని నడిచాడు. అయినా తినడం ఆపలేదు. క్లాసులో ఉండాలి, అంతే.

రక్తం తీశారు. డాక్టరమ్మ రెండు కాగితాలు ముందు పెట్టుకుని కాసేపు అటూ ఇటూ చూసింది.

"ఈ పూట షుగరు మూడొందలు దాటింది. మూడు నెలలదేమో ఆరు పాయింటు ఏడు, ఏడు లోపే. ఏం తిన్నారండీ?"

"మూడు నెలలదేమిటమ్మా?"

"మనం చూసేదదే కదా. నిన్నటి తిండీ మొన్నటి తిండీ దీన్ని పెద్దగా కదపలేవు. మూడు నెలలుగా మీరెలా ఉన్నారో ఇది చెప్పేస్తుంది."

"మూడు రోజులు చాలవా?" అనేశాడు మాస్టారు. అని నాలుక్కరుచుకున్నాడు.

డాక్టరమ్మకి అర్థమైంది. ఎందుకన్నది మాత్రం అర్థం కాలేదు. ఏం పోయేకాలమండీ, ఇప్పటికే కాలు మొద్దుబారిన మనిషి, కళ్లు తిరిగి పడితే చూసేవాళ్లున్నారా, అని దులిపేసింది. మాస్టారు తలొంచుకుని అన్నీ విన్నాడు. మొదటిసారి ఆయన రక్తం ఆయన్నే పట్టించింది. మూడు నెలలూ బాగున్నావని చెప్పేసింది.

చివరికి ఆవిడ మెత్తబడింది. "నిజానికి మీరు పాసయ్యారండీ. రేపట్నుంచి మాత్రలు మానకండి, రోజూ ఇంట్లో చేసుకోండి. క్లాసుకి ఇంక మళ్లీ రానక్కర్లేదు."

తన మాట తనకే తగిలింది. ఇన్నేళ్లూ తను అందరికీ కవర్లో పెట్టి ఇచ్చింది ఇదా అనుకుంటూ మెట్లు దిగాడు.

మూడు వారాలు గడిచాయి. పొద్దున్నే కొట్టు తెరిచి, కత్తిరింపుల బల్ల జరిపి, మబ్బులు తోశాడు. చివరి పది నిమిషాలప్పుడు ఏం చెయ్యాలో తోచక నిలువుటద్దం ముందు చెయ్యి చాచాడు. అద్దంలోనివాడూ చాచాడు. చల్లగా తగిలింది. "ఛీ, ఇదేం పిచ్చి" అని తనని తనే తిట్టుకుని మిషను దగ్గర కూలబడ్డాడు. ఆ రోజుల్లో ఎవరికీ ఆ మాట అనలేకపోయాడు. కవరిచ్చి ఊరుకునేవాడు.

నాలుగో మంగళవారం తొమ్మిదింటికి, గుమ్మంలో పెద్ద గొంతు.

"దొరికారండీ బాబూ! మెట్ల కింద అన్నారు గాని ఏ మెట్లో చెప్పారా? ఈ వీధిలో ప్రతి మెట్ల కిందా వంగి చూశాను. నడుం పడిపోయింది!"

కండక్టరు చంకలో ప్యాంటు. నడుం అంగుళమున్నర తగ్గిందట, భార్య నమ్మడం లేదట. కొత్త జోడీ చెయ్యి చెక్కలా ఉందట. మాస్టారు టేపు తీసి కొలిచి, అప్పటికప్పుడు కూర్చుని కుట్టాడు. కుడుతున్నంతసేపూ ఎంత నెమ్మదిగా కుట్టాలో అంత నెమ్మదిగా కుట్టాడు. అయినా ప్యాంటు ప్యాంటే, ఎంతసేపని కుడతారు?

కండక్టరు తెర వెనక తొడుక్కొచ్చి అద్దం ముందు అటు తిరిగాడు, ఇటు తిరిగాడు.

"బ్రహ్మాండం! ఏదీ, మీ మాట అనండి. మళ్లీ రానక్కర్లేదనండి."

మాస్టారు కవరు అందుకుని, మళ్లీ పక్కన పెట్టేశాడు. "లేదండీ. మళ్లీ రావాలి" అన్నాడు.

"ఎందుకు? ఎక్కడ తేడా?" కండక్టరు కంగారుగా వంగి అంచులు చూసుకున్నాడు.

"ప్యాంటుకేం తేడా లేదండీ. నాకే... ఒక్కణ్ణీ ఉండలేకపోతున్నాను. క్లాసు పోతుందని మూడు రోజులు కేకులు తిన్నాను."

కండక్టరు అంచులు వదిలేసి నిటారుగా లేచాడు. పైన మెట్ల మీద ఎవరో దిగిపోయారు.

"బుద్ధుందా మాస్టారూ" అన్నాడు, గొంతు తగ్గించి. "ఏమన్నా అయ్యుంటే?" అని బల్లని కాలితో పక్కకి నెట్టాడు. ఇద్దరికి చాలీచాలని చోటు. ఎడమకాలు ముందుకేసి చెయ్యి చాచాడు. మాస్టారు మెడలో టేపు తీసి పక్కన పెట్టి, మణికట్టు ఆనించాడు. వెచ్చగా ఉంది.

"రైట్ రైట్" అన్నాడు కండక్టరు, మెల్లిగా.

వెళ్లేటప్పుడు తెర వెనక మార్చుకుని, ఆ ప్యాంటు మళ్లీ బల్లమీదే పెట్టాడు. "ఇది ఇక్కడే ఉంచండి. వచ్చే మంగళవారం క్లాసవ్వగానే వస్తాను. పనుందని చూపించకపోతే మా ఆవిడ వదలదు."

ఆయన వెళ్లాక మాస్టారు ఆ ప్యాంటుని కుట్టాల్సిన బట్టల కొక్కేనికి తగిలించాడు. దానికి కుట్టాల్సింది ఏమీ లేదు.