కరువేడు కొన్న సైకిలు

వానల్లేని ఆ కరువేడు, రాయదుర్గం బస్సు కోసం దారి పక్కన ఒక వేపచెట్టు కింద కూర్చున్నాను. నడివయసు మనిషి ఒకడు సైకిలు మీద దిన్నె దిగుతూ, ఎద్దుల్ని ఆపినట్టు “హో, హో” అని, ఆ తర్వాత బ్రేకు పట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది.

“కొత్తగా నేర్చుకున్నావా అన్నా?”

“ఔనప్పా. మేత లేక ఎద్దుల్ని సంతలో అమ్మేస్తి. బండి తోలేటోన్ని గదా, ఇది మొదట్లో దినామూ పడేస్తాండె. ఇప్పుడు ఎంత దిన్నె అయినా బయం లేదు. నోరే ఇంకా మరిసిపోలే.”

ఆకు రాలిన ఆ చెట్టు కింద నీడ కొంచెమే ఉంది. కాసేపు కూర్చోమని జరిగి చోటిచ్చాను. ఆయన సైకిల్ని తెచ్చి ఆ నీడలో నిలబెట్టాడు. నా బస్సొచ్చేదాకా తను ఎండలోనే నిలబడ్డాడు.