జిగురు పడని కోట

కళ్లజోళ్ల షాపులో అందరూ ఆమెను పిల్లి అనే పిలుస్తారు. నడిస్తే చప్పుడు ఉండదు, నోట్లోంచి మాట ఊడిపడదు, కానీ ఎవరి మొహం ఎందుకు మాడిందో ఆమెకు తెలియకుండా పోదు. నాన్న పోవడంతో తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి, షాపు వెనకగదిలో సాన యంత్రం ముందు కూర్చుంది. అప్పటినుంచీ ఫ్రేముకు సరిపడేలా అద్దాలు అరగదీయడమే పని. ముందుగదిలో బేరాలూ నవ్వులూ అన్నయ్యవి. వెనకగదిలో నీళ్ల తుంపరా, గాజుపొడీ పిల్లివి.

ఆదివారం షాపుకు సెలవు. ఆ రోజు మాత్రం వెనకగది వేరే లోకం.

పక్కవీధిలో బొమ్మల దుకాణం ఎత్తేస్తూ, ఆ దుకాణదారు ఓ పెట్టె తెచ్చి పిల్లి చేతిలో పెట్టి వెళ్లాడు. ముక్కా ముక్కా కలిపి కట్టే ప్లాస్టిక్ ఇటుకల కోట అది. బురుజులు, కత్తులు పట్టిన సైనికులు, ఒక మంత్రగత్తె, పచ్చటి డ్రాగన్. ఎలా కట్టాలో చెప్పే కాగితాలు ఎక్కడో పోయాయి. పెట్టె మీది బొమ్మ చూసుకుంటూ, తడుముకుంటూ తానే కట్టింది.

ఎదురు కొట్లో తాళాలు చేసే ఆయన దాన్ని చూసి ఒక ఆట నేర్పాడు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు కథలో మనుషులై, తామేం చేస్తారో చెబుతారు. అది కుదిరిందో బెడిసికొట్టిందో పాచిక తేలుస్తుంది. ఆయన ఇదివరకు ఆడినచోట రంగులద్దిన చిన్న విగ్రహాలు వాడేవారట.

"అవి ముచ్చటగా ఉంటాయమ్మా. కానీ కథలో చెయ్యి తెగినా విగ్రహానికి చెయ్యి ఉంటుంది" అన్నాడు.

ఇక్కడ అలా కాదు. రాక్షసుడు చెయ్యి నరికితే సైనికుడి చెయ్యి పీకి పక్కన పెట్టాల్సిందే. చచ్చినవాడి కత్తి గెలిచినవాడి చేతికి పోవాల్సిందే. పిల్లి పెట్టిన కట్టుబాటు ఒకటే: బల్ల మీద కట్టనిది కథలో లేదు. ఉన్నవి పెట్టెడు ముక్కలే కాబట్టి, కొత్తది కావాలంటే పాతదేదో విప్పాలి.

ఆదివారాలు ఆటకు కూర్చునే పిన్నిది దొంగ పాత్ర. వాగు దాటడానికి వంతెన కావాలని ఆవిడ డ్రాగన్ రెక్కలు పీకేసింది.

"ఇకమీదట అది ఎగరలేదు పిన్నీ."

"నడవమను. ఈ మోకాళ్లతో నేను నడవట్లేదూ?"

అప్పటినుంచీ డ్రాగన్ సణుక్కుంటూ నడుస్తోంది. ఆ సణుగుడు కథ చెప్పే పిల్లిది. వారమంతా గట్టిగా నాలుగు మాటలు మాట్లాడని మనిషి ఆ బల్ల దగ్గర రాజులా గద్దించేది, ముసలి కాపలావాడిలా దగ్గేది. పిన్ని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేది.

ఓ ఆదివారం ఆట మధ్యలో అన్నయ్య వచ్చాడు. చేతిలో జిగురు సీసా.

"ఒసే పిల్లీ, దీన్ని పెట్టె మీద బొమ్మలో ఉన్నట్టు తిన్నగా కట్టి, ముక్కలన్నీ అంటించేయ్. షాపు ముందు అద్దాల అరలో పెడదాం. బురుజుకో కళ్లజోడు తగిలిద్దాం. రోడ్డున పోయేవాడు ఆగి చూడాలి!"

"అంటిస్తే మళ్లీ విప్పలేం అన్నయ్యా."

"విప్పకూడదనే కదే అంటించమనేది."

"ఇది మా ఆట."

"ఆటేంటే? నువ్వూ, పిన్నీ, తాళాలాయనా! ఈ వయసులో ఈ బొమ్మలేంటి? చూసినవాళ్లు నవ్వుతారు."

"నవ్వనీరా," అంది పిన్ని. "నవ్వడానికి ఆగినవాళ్లకి నాలుగు జోళ్లు అమ్ముకో."

"నువ్వుండు పిన్నీ. నీవల్ల కాదంటే చెప్పవే పిల్లీ, నేనే అంటిస్తా." స్టూలు లాక్కుని కూర్చుని సీసా మూత తీశాడు.

జిగురు బొట్టు సీసా అంచున వేలాడుతోంది. పిల్లి దాన్నే చూస్తోంది. అది కోట తలుపు మీద పడితే ఇక ఏ సైనికుడి చెయ్యీ ఊడదు. ఏ వంతెనా లేవదు. రాజూ, కాపలావాడూ, డ్రాగనూ ఆమె గొంతులోనే ఉండిపోతారు.

చెయ్యి చాచి బురుజు పట్టుకుని లాగింది. ఊడి వచ్చింది. రెండో బురుజూ లాగింది. గోడలు విరిచింది, తలుపు పీకింది, సైనికుల తలలూ మొండేలూ వేరు చేసింది. ముక్కలు టపటపా బల్ల మీద రాలాయి.

"ఏయ్, పిచ్చెక్కిందా నీకు!"

ఆమె ఆగలేదు. ఒకదానికొకటి పట్టుకున్న రెండు ముక్కలు కూడా మిగలకుండా విప్పి, కుప్పను అన్నయ్య ముందుకు తోసింది.

"ఇప్పుడు అంటించు."

"మళ్లీ కట్టు."

"కట్టను."

"ఎవరి షాపులో కూర్చుని ఎవరితో మాట్లాడుతున్నావే?"

"షాపు నీదే. రేపు పొద్దున్నే సాన దగ్గర ఉంటాను, ఎన్ని అద్దాలిస్తే అన్నీ అరగదీస్తాను. ఇది మాత్రం నాది. నేను అంటించను, నిన్ను అంటించనివ్వను."

రాజు గొంతు కాదు, కాపలావాడి గొంతు కాదు. ఆమె సొంత గొంతులో అన్ని మాటలు ఆ గదిలో అంతవరకూ ఎవరూ వినలేదు. అన్నయ్య పిన్ని వైపు చూశాడు. పిన్ని పైకప్పు వైపు చూసింది. అన్నయ్య కోపంగా వేలెత్తబోతే చూపుడువేలుతో పాటు బొటనవేలూ లేచింది. జిగురంటి రెండూ అతుక్కుపోయాయి.

"ఈ చెత్తకుప్పతో ఏం ఆడతారో నేనూ చూస్తా," అంటూ వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు.

పిల్లి గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంది.

"కోట కూలిపోయింది. మీరంతా దాని కిందే ఉన్నారు. ముందు ఎవరు బయటికొస్తారు?"

తాళాలాయన పాచిక అందుకోబోయాడు. పిన్ని ఆయన చేతి మీద ఒక్కటేసింది.

"దొంగని నేనయ్యా. ముందు నేనే!"